మేకపిల్లకు పాలు

యాకూబుకు ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. మాబున్ని పేరు పక్కన రెండు సున్నాలు పెట్టి వచ్చాడు మరి.

కొండ కింద దర్గాలో గఫార్ బాబా ఓ చిన్న బడి నడిపేవారు. పాఠాలు చెప్పేది ఆయన శిష్యుడు యాకూబు. మంచివాడే పాపం, కాకపోతే దేనికైనా మార్కులు వేయందే నిద్రపట్టదు. ఆ ఉదయం పిల్లలకు తప్పిపోయిన మేక కథ చెప్పి, ఒక్కొక్కరినీ లేచి తిరిగి చెప్పమన్నాడు. తడబడకుండా చెబితే మాటకు పది, ఏదీ వదలకుండా చెబితే వినికిడికి పది. అందరూ గడగడా అప్పజెప్పారు. ఏడేళ్ల మాబున్ని మాత్రం లేచి, యాకూబు చేతిలో పలక వంకే చూసి, మళ్లీ కూర్చుంది.

"ఈసారీ నోరు విప్పకపోతే చదువు చాలు ఉస్తాద్. రేపటినుంచి మేకల వెంట పోతుంది" అని వాళ్ల నాన్న దస్తగిరి ముందే తెగేసి చెప్పాడు. సాయంత్రం వస్తాడు.

"నేనేం చేసేది బాబా? లేని మార్కులు ఎక్కణ్ణించి తెచ్చేది?" కంచం పక్కకు జరిపి అన్నాడు యాకూబు.

బాబా పలక అందుకున్నారు. "సరేగానీ, మీ అమ్మ గురించి ఎప్పుడూ చెప్పలేదే! చెప్పు."

యాకూబు ముఖం విచ్చుకుంది. "మా అమ్మ జొన్నరొట్టెలు కాల్చేది బాబా. మొదటి రొట్టె నాకే..."

పలక మీద బలపం కిర్రుమంది. బాబా తల ఎత్తలేదు.

"...నాకే పెట్టేది. ఆమె చనిపోయిన ఏడాది..." మళ్లీ కిర్రు. యాకూబు చూపు బలపం మీదికి పోయింది. "ఏం రాస్తున్నారు బాబా?"

"మార్కులు. నువ్వు కానీయ్."

ఎంత ప్రయత్నించినా యాకూబుకు మాట రాలేదు. బాబా పలక ఇటు తిప్పారు. యాకూబు పేరు, పక్కన సున్నా.

యాకూబు పలక అక్కడే వదిలి బయటికి వెళ్లాడు. మాబున్ని నీళ్ల కుండల దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. పక్కనే నేలమీద చతికిలబడ్డాడు. ఏమీ అడగలేదు. ఆ పిల్లే నోరు తెరిచింది.

"ఉస్తాద్, మేక దొరికేదాకా దాని పిల్లకు పాలెవరు పట్టారు?"

యాకూబుకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అప్పుడు గుర్తొచ్చింది. మేక ఈని మూడు రోజులే అయిందని కథ మొదట్లో ఒక్క ముక్క అన్నాడు. పదికి పది తెచ్చుకున్న వాళ్లెవరూ ఆ ముక్క ఎత్తలేదు. మార్కులు వేసిన తనకే గుర్తులేదు.

"నాలుగు దినాలు కదా తప్పిపోయింది," అంది మాబున్ని. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఆకలికి అరిచి ఉంటది."

సాయంత్రం దస్తగిరి గుమ్మంలోనే నిలబడి అడిగాడు. "ఏమైంది ఉస్తాద్? మాట్లాడిందా?"

యాకూబు బాబా వైపు చూశాడు. బాబా పలక తుడుస్తున్నారు.

"రేపు తప్పకుండా పంపించు దస్తగిరీ," అన్నాడు యాకూబు. "తను ఒకటి అడిగింది. పొద్దున నా కథ అందరికన్నా బాగా విన్నది తనే. తన మాట నేను విన్నదే మధ్యాహ్నం."