నూకాలు ముల్లంగి జాడీ

అనగనగా, వాన పట్టుకుంటే మూడు నెలలు వదలని ఒక అడవి. ఆ అడవిలో ఒక దిబ్బ. చుట్టూ నీళ్లు చేరాయంటే దిబ్బ మీదివాళ్లు ఇక దిబ్బ మీదే. అందుకని అక్కడి మూడు కుటుంబాలూ ఎండాకాలంలోనే దోసకాయలు, ముల్లంగి, గోరుచిక్కుడు పండించి, ఉప్పూ ఆవపిండీ వేసి జాడీల్లో ఊరబెట్టుకునేవి. వానల్లో అదే వాళ్ల తిండి.

ఊరబెట్టే పని ఎప్పుడూ గవరమ్మ అనే ముసలి కుందేలుది. "గవరమ్మ చెయ్యి మంచిది" అని దిబ్బంతా చెప్పుకునేవారు. ఈ ఏడు ఆవిడకి చూపు ఆనడం లేదు. పళ్లు కూడా రాలిపోయాయి. తిండి లేకపోతే మిగతావాళ్లు చెట్టు బెరడైనా కొరుక్కుంటారు. ఆవిడ ఏం నములుతుంది పాపం! పుల్లగా ఊరి మెత్తబడ్డ ముక్క ఉంటేనే ఆవిడ వానాకాలం దాటేది.

కాబట్టి ఈసారి జాడీలు కోడలు నూకాలు చేతికొచ్చాయి. నూకాలు కాపరానికొచ్చి రెండేళ్లయింది. మొగుడు నక్క నోట పడి ఏడాదయింది. అప్పట్నుంచీ అత్తకి కోడలు, కోడలికి అత్త. అత్తంటే నూకాలుకి ప్రాణం. కానీ మనసులో ఒకటే గుబులు. నా చెయ్యి కూడా మంచిదనిపించుకోవాలి, అంతే!

మూడు రకాలకీ మూడు జాడీలు పెట్టింది. దోస, గోరుచిక్కుడు జాగ్రత్తగానే పెట్టింది. ముల్లంగి దగ్గరికొచ్చేసరికి తొందర. వాగులో చేతులు కడుక్కొచ్చి, తడి తుడుచుకోకుండానే జాడీలో పెట్టేసింది. ఊరగాయకి తడి తగలకూడదని తెలీక కాదు. "ఈ కాస్తకే ఏమవుతుందిలే" అనుకుంది. ముక్కల మీద బరువుకి రాయి పెట్టి, మూతికి గుడ్డ కట్టేసింది.

మూడో రోజు తిరగకలపాలి కదా. దోస జాడీ విప్పితే కమ్మటి పులుపు వాసన. గోరుచిక్కుడు కూడా అంతే. ముల్లంగి జాడీ విప్పింది. అయ్యో రామా! పైనంతా నల్లటి బూజు. ముక్క పట్టుకుంటే జిగురు. కుళ్లు కంపు గుప్పుమని కొట్టింది.

నూకాలు గబగబా గుడ్డ మళ్లీ కప్పేసింది. పారబోస్తే పోయేది ఒక్క జాడీ. కానీ పారబోస్తే అందరూ చూస్తారే! "గవరమ్మ కోడలి చెయ్యి మంచిది కాదు" అంటారే!

అంతలో పక్కింటి ఉడుత పైడమ్మ వచ్చింది. "వదినా, ఊట దిగిందా? ముల్లంగి ముక్క ఒకటి పెట్టవూ, రుచి చూస్తాను" అంది.

"ఇంకా పచ్చివాసన పోలేదు పైడమ్మా. తర్వాత పెడతాలే" అని నూకాలు జాడీకి అడ్డంగా నిలబడింది.

పైడమ్మ వెళ్లగానే ముళ్లపంది అప్పలస్వామి వచ్చాడు. "అమ్మా నూకాలూ, మబ్బు పట్టింది. జాడీల్లో ఏమైనా తేడా ఉంటే ఇప్పుడే చెప్పు. తోటలో ఇంకో వరస ముల్లంగి ఉంది. పీక్కొచ్చి మళ్లీ వేద్దాం" అన్నాడు.

"దివ్యంగా ఉన్నాయి మావయ్యా" అంది నూకాలు.

ఆఖరికి బొరియలోంచి గవరమ్మ పిలిచింది. "ఏమే, ఏదో కంపు తగిలింది. జాడీ గానీ చెడిందా? చెడితే చెప్పమ్మా, నేనేమీ అనను."

"అబ్బే! వాగులో చెత్త కొట్టుకొచ్చింది అత్తా" అంది నూకాలు. ముసలిది నమ్మింది. కోడలి మాట కాక ఇంకెవరి మాట నమ్ముతుంది?

అప్పుడు నూకాలు ఏం చేసిందో తెలుసా? బూజు తీసేసింది. ముక్కలు కడిగింది. ఇంకో గుప్పెడు ఉప్పు జల్లి, ఆ ముల్లంగిని మిగతా రెండింటితో కలిపేసింది. కలిపి మూడు జాడీలూ మళ్లీ నింపింది. "ఈ ఏడు కలగలుపు ఊరగాయ పెట్టాను" అని అందరికీ చెప్పింది. అందరూ భలే అన్నారు కూడా.

వాన మొదలైంది. దిబ్బ చుట్టూ నీళ్లు చేరాయి.

పదో రోజున మొదటి జాడీ విప్పారు. కుళ్లిపోయింది. రెండోది విప్పారు. కుళ్లిపోయింది. మూడోది విప్పకముందే కంపు కొట్టింది. "ముసురుగాలికి చెడిపోయి ఉంటాయి" అని పైడమ్మ నిట్టూర్చింది. నూకాలు మూడో జాడీ గుడ్డ ఇంకాస్త బిగించి కట్టింది.

అందరూ బెరడు కొరుక్కున్నారు. నూకాలు బెరడు నమిలి, మెత్తగా చేసి అత్త నోట్లో పెట్టేది. ఆ ముసలి కడుపుకి అది ఇమడలేదు. రోజురోజుకీ గవరమ్మ చిక్కి శల్యమైపోయింది.

ఒకరోజు నూకాలు ఆగలేక బావురుమంది. "అత్తా, ముల్లంగి ఆ రోజే చెడింది. నా చెయ్యి మంచిది కాదంటారని మంచివాటిలో కలిపేశాను."

గవరమ్మ తడుముకుంటూ కోడలి తల మీద చెయ్యి వేసింది. తర్వాత నెమ్మదిగా అంది. "పిచ్చిదానా, నా జాడీలు చెడలేదని నీకెవరు చెప్పారే? నువ్వొచ్చాక చెడలేదు గానీ, అంతకుముందు దాదాపు ప్రతి ఏడూ ఒకటి చెడేది. అందరి ముందే మోసుకెళ్లి వాగులో పారబోసేదాన్ని. ఇది పోయింది, మళ్లీ వేద్దాం రండి అని పిలిచేదాన్ని. దిబ్బ మీద అందరికీ తెలుసు. నా ఇంట్లోంచి చెడ్డ ముక్క ఎవరి నోట్లోకీ పోలేదు. అందుకే నా చెయ్యి మంచిదన్నారు."

"ఆ మాట ముందే చెప్పకపోయావా అత్తా!"

"చెడితే చెప్పమన్నాను కదమ్మా" అంది గవరమ్మ. ఆ మాటలో కోపం లేదు.

వానలు ఇంకో పదిహేను రోజుల్లో వెలుస్తాయనగా గవరమ్మ కన్నుమూసింది. తడిమట్టి తవ్వి ముగ్గురూ కలిసి పూడ్చారు. అక్కడే, ఆ వానలోనే, నూకాలు జరిగిందంతా చెప్పేసింది. అప్పలస్వామి తల దించుకున్నాడు.

"ఆ రోజే చెప్పి ఉంటే ముసలమ్మ మన మధ్య ఉండేది కదా వదినా" అంది పైడమ్మ.

ఎవరూ నూకాలుని తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆమెకి.

నీతి: తప్పు జరిగిన రోజే ఒప్పుకుంటే పోయేది కొంచెమే. పరువు కోసం దాన్ని దాచిపెడితే, మనకి ప్రాణమైన వాళ్లని కూడా పోగొట్టుకుంటాం.