పలుకులమ్మ వేసిన ఒక్క ఈల

అనగనగా ఒక అడవి. ఎండాకాలం వస్తే ఆ అడవికి ఒక్క మడుగే దిక్కు. అడవంతటికీ వార్తలు చెప్పడానికి ఒక్క గోరింకే దిక్కు. మన కథ ఆ గోరింకదే. దగ్గరికి జరగండర్రా, వెనకవాళ్ళకి కూడా వినబడాలి!

గోరింక పేరు పలుకులమ్మ. దేవుడు ఆమెకి పిడికెడు ఒళ్ళిచ్చి, అడవంత గొంతిచ్చాడు. రోజూ తెల్లవారగానే సూర్యనారాయణుడికి దండం పెట్టుకుని, మద్దిచెట్టు చిటారుకొమ్మన కూర్చునేది. పులి ఎటు వెళ్ళిందో, వేటగాడు వల ఎక్కడ పన్నాడో, పండ్లు ఎక్కడ పండాయో చెప్పేది.

ఆమెకి ఒక కట్టుబాటు ఉండేది. కళ్ళారా చూసిన వార్తయితే ముందు ఒక్క ఈల. ఎవరో చెబితే విన్నదయితే రెండు ఈలలు. రెండు ఈలలు వినబడితే జింకలు "చూద్దాంలే" అనుకునేవి. ఒక్క ఈల వినబడిందా, ఇక ఆలోచనే లేదు. పరుగో పరుగు!

మడుగుకి పెద్ద నిదానమ్మ అనే తాబేలు. అందరికీ అవ్వ. మడుగుకి దిగువన ఒక తూము, తూముకి అడ్డంగా ఒక బండ ఉండేవి. రోజూ అవ్వ ఆ బండని వీపుతో కాస్త నెట్టి, కింది రాతితొట్టి నిండగానే మళ్ళీ మూసేసేది.

"తాగండి నాయనా, ఆటలాడకండి. వానలొచ్చేదాకా ఇవే నీళ్ళు" అనేది.

ఏటేటా ఎండలు ముదిరే ముందు మడుగుపెద్దని ఎన్నుకునేవారు. ఏటేటా అవ్వే గెలిచేది. పోటీకి ఎవరొస్తారు? పొద్దున్నే లేచి బండ నెట్టడం ఎవరికి సరదా!

ఆ ఏడు మాత్రం ఒకడొచ్చాడు. తోకరాజు అనే కొండముచ్చు. మూరెడు మొహం, బారెడు తోక. ఎన్నిక మూడు రోజులుందనగా, మోదుగాకు దొప్పనిండా మొర్రిపండ్లు పట్టుకుని మద్దిచెట్టెక్కాడు.

"పలుకులమ్మ వదినా, పిల్లలు బాగున్నారా?"

"నేను నీకు వదినని ఎప్పుడయ్యాను?"

"ఈ పొద్దుటి నుంచీ!"

తొర్రలోంచి మూడు పసినోళ్ళు తెరుచుకున్నాయి. "అమ్మా, ఆకలి! అమ్మా, పండు! అమ్మా, అదిగో పండు!" ఎండకి పురుగులు దొరక్క పలుకులమ్మ రెక్కలు అరిగిపోతున్నాయి. దొప్ప వైపు చూసింది.

"అబద్ధం మాత్రం చెప్పను" అంది.

"రామరామ! అబద్ధం చెప్పమంటే నా కళ్ళు పోవూ? వార్తలకి ముందు నా పాట పాడు, చాలు. పాటకి ఈల కూడా అక్కర్లేదు."

పాటే కదా అనుకుంది పలుకులమ్మ. పాడింది.

"మూతి ముంచు, తోక ముంచు, మునిగి తేలు!
తోకరాజు పెద్దయితే రోజూ జలకాలు!"

ఇక చూడండి! మధ్యాహ్నానికి ఉడతలు పాడుతున్నాయి. సాయంత్రానికి ఎలుగుబంటి తేనె నాకుతూ పాడుతోంది. ఆఖరికి నిదానమ్మవ్వ కూడా బండ నెడుతూ, "మూతి ముంచు, తోక ముంచు... ఛీ ఛీ, ఇది నా నోట్లోకెలా దూరిందే!" అని నాలిక కరుచుకుంది.

రెండో రోజు రెండు దొప్పలొచ్చాయి.

"వదినా, ఇవాళ పాటతో పాటు ఒక ప్రశ్న. 'అవ్వ బండ నెట్టగలదా? అడవి అడుగుతోంది!' అను."

"ఎవరడిగారు?"

"నేనడిగాను. నేను అడవిలో లేనా?"

ఉన్నాడు, నిజమే. పలుకులమ్మ అడిగేసింది. అంతే! నిన్నటిదాకా అవ్వ నడకని ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు ఆమె అడుగు తీస్తే చాలు, "అయ్యో, నీరసం!" అన్నారు. అడుగు తీయకపోతే, "చూశారా, ఆగిపోయింది!" అన్నారు.

మూడో రోజు మూడు దొప్పలు. చెట్టు కింద కొండముచ్చుల ఊరేగింపు. ఒక తోక, ఇంకో తోక, ఇంకో తోక! పలుకులమ్మ లెక్కపెట్టింది. పన్నెండోదాని తరవాత తెగిన చెవిది వచ్చింది. ఇందాకా అదే వచ్చింది కదూ? మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ తెగిన చెవి! ఆ పన్నెండే గుట్ట చుట్టూ తిరిగి తిరిగి వస్తున్నాయి.

"ఇవాళ ఒక్క ఈల వేసి చెప్పు వదినా. అడవంతా నా వెంటే ఉందని."

"ఉన్నది పన్నెండుమందే కదయ్యా!"

"తోకలు ఆగకుండా వస్తున్నాయా లేదా? నీ కళ్ళతో చూశావా లేదా?"

"చూశాను కానీ..."

"అమ్మా, పండు!" అన్నాయి మూడు నోళ్ళు.

పలుకులమ్మ కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకునే, కళ్ళారా చూసినవాళ్ళు వేసే ఈల వేసింది. "అడవి అడవంతా తోకరాజు వెంటే! తోక వెనక తోక! లెక్కే లేదు!"

కుందేలు ఆ ఈల వింది. "నాకు అవ్వే ఇష్టం. కానీ అందరూ అటే ఉంటే నేనొక్కదాన్నీ ఇటెందుకు?" అనుకుంది. దుప్పి అదే అనుకుంది. ముళ్ళపంది అదే అనుకుంది. ఎన్నిక నాడు ఇద్దరి పేరా చెరో గుంట తవ్వారు. తలా ఒక గచ్చకాయ పట్టుకొచ్చి తోకరాజు గుంటలో వేశారు. అది నిండి పొర్లింది. అవ్వ గుంటలో నాలుగు కాయలు.

తోకరాజు మొదటి రోజే బండ లాగి అవతల పారేశాడు. అబ్బో, ఆ సంబరం! పందులు పొర్లాయి, కోతులు దూకాయి, ఏనుగు తొండంతో అందరికీ తలంటు పోసింది. మూడు రోజులు పాటే పాట, జలకాలే జలకాలు! నాలుగో రోజు ఎలుగుబంటి ఎగిరి మడుగులోకి దూకితే, దబ్బుమని బురదలో కూర్చుంది.

మూత లేని తూములోంచి నీళ్ళన్నీ పారిపోయాయి. వానలకి ఇంకా నెల ఉంది.

"నీళ్ళేవి?" అని అందరూ తోకరాజు మీదికి వెళ్ళారు.

"నన్నడుగుతారేం? నన్ను నమ్మమని ఒక్క ఈల వేసిందెవరో వాళ్ళనడగండి" అని తోకరాజు కొండెక్కిపోయాడు. అన్ని కళ్ళూ మద్దిచెట్టు మీద పడ్డాయి. తొర్రలో పిల్లలు ఇప్పుడు పండు అడగడం లేదు. నోళ్ళు తెరిచి ఊరికే పడి ఉన్నాయి.

పలుకులమ్మ ఒకటే ఎగరడం. ఎండిన వాగులో, ఇసుకలో సగం కూరుకుని అవ్వ కనబడింది.

"అవ్వా, తప్పు చేశాను. నన్ను కొట్టు!"

"నువ్వెక్కడో కొమ్మ మీదుంటావు. కొట్టడానికి నేను ఎగరొద్దుటే? ఇలా రా. ఈ తడి చూడు. ఇక్కడ చెలమ తవ్వితే నీళ్ళొస్తాయి. నావల్ల కాదు, పందులు కావాలి. పిలుచుకురా."

పలుకులమ్మ ముక్కుతో ఇసుక తడి తాకి చూసింది. మద్దిచెట్టెక్కి ఒక్క ఈల వేసింది. "వాగులో నీళ్ళు!"

ఒక్కరూ కదల్లేదు.

"ఈసారి దొప్ప ఎవరిచ్చారేం?" అంది అడవిపంది, చెట్టు కింద పడున్న ఖాళీ దొప్పలు చూపిస్తూ. అందరూ నవ్వారు, ఎండిన గొంతులతో.

దేవుడిచ్చిన గొంతు. అందులోంచి ఇప్పుడు ఏం చెప్పినా గాలే! పలుకులమ్మ తూర్పు తిరిగి దండం పెట్టుకుంది. మళ్ళీ ఒక్క ఈల వేసింది.

"కళ్ళారా చూసిన వార్త! ఊరేగింపులో ఉన్నది పన్నెండుమందే. నేను లెక్కపెట్టాను. అయినా అడవంతా అన్నాను. ఆరు దొప్పల మొర్రిపండ్లు తీసుకున్నాను. నేనే!"

అప్పుడు కుందేలు మెల్లగా అంది. "ఈ వార్త చెప్పమని ఎవరు పండ్లిస్తారు? పదండి, చూసొద్దాం."

వెళ్ళారు. పందులు తవ్వాయి. మోకాలిలోతు పొడి ఇసుక. నడుములోతు తడి ఇసుక. ఇంకొంచెం తవ్వగానే బుడబుడమంటూ తేట నీళ్ళు! అడవిపంది పక్కకి తప్పుకుని, "ముందు నీ పసివాళ్ళకి పట్టుకెళ్ళవే" అంది. పలుకులమ్మ ముక్కుతో మూడుసార్లు పట్టుకెళ్ళింది. మూడో బొట్టుకి తొర్రలోంచి, "అమ్మా, ఆకలి!" అని వినబడింది. ఆ మాట ఎంత తియ్యగా ఉందో ఆమెకే తెలుసు.

అవ్వ మళ్ళీ పెద్దయింది. చెలమ గట్టు సర్దుతూ, "మూతి ముంచు, తోక ముంచు... ఛీ ఛీ!" అంది. అందరూ పకపకా నవ్వారు.

ఆ రోజు నుంచి ఆ అడవిలో కొత్త కట్టుబాటు. పలుకులమ్మ ఈల వేయబోతే చాలు, కింద అడవంతా ఒక్క గొంతుతో అరుస్తుంది. "పలుకులమ్మా, పొద్దున ఏం తిన్నావు? ఎవరు పెట్టారు?"

పలుకులమ్మ రొమ్ము విరుచుకుని చెబుతుంది. "రెండు మిడతలు, ఒక గొంగళిపురుగు! నేనే పట్టుకున్నాను!"

అప్పుడు వేస్తుంది ఈల.

నీతి: పదిమంది నమ్మే గొంతు ఉన్నవాళ్ళు దాన్ని అమ్ముకోకూడదు, వినేవాళ్ళు ఆ గొంతుకి తిండి ఎవరు పెడుతున్నారో అడగకుండా నమ్మకూడదు.