సగం అడవి పొట్టేలు

కొండల మీది ఒక సూఫీ బాబా ఆశ్రమంలో గొర్రెలు కాసే శిష్యుడు సఫర్. అతని మందంటే చుట్టుపక్కల మంచి పేరు. అన్నీ తెల్లవే. ఉన్నిలో చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగిపోయేది. ఎవరైనా మెచ్చుకుంటే "అంతా బాబా దయ" అనేవాడు గానీ, ఇంకోసారి మెచ్చుకుంటే బాగుండునని చూసేవాడు.

కిందటేడు చలికాలం మొదట్లో మూడు రోజులు ఆశ్రమంలోనే కూర్చుని మౌనం పట్టాడు. పట్టమని బాబా చెప్పలేదు. తోటి శిష్యులు చూస్తున్నారు కదా, అదీ సంగతి. ఆ మూడు రోజులూ మంద పైకొండ మీద దానిపాటికది తిరిగింది. వసంతంలో ఒక గొర్రె ఈనింది. పిల్ల గోధుమరంగులో పుట్టింది.

ఆరు నెలలు తిరిగేసరికి గుట్టంతా బయటపడింది. సన్నటి పొడుగు కాళ్లు, జానెడైనా లేని తోక, తెల్లటి పొట్ట, ఒంటినిండా బిరుసు వెంట్రుకలు. ఆ వయసుకే కొమ్ములు వెనక్కి వంపు తిరిగాయి.

"దీని తండ్రి కొండగొర్రె కదూ? అప్పుడు నువ్వెక్కడున్నావయ్యా?" అని చూసినవాళ్లంతా నవ్వేవాళ్లు. సఫర్‌కి తల కొట్టేసినట్టుండేది.

ఏటా మంచు పడకముందు కసాయి వస్తాడు. ఇచ్చెయ్యదలచిన గొర్రెల వీపున జాజు పూస్తారు. ఎర్రటి గుర్తున్నవాటిని తోలుకుపోయి, బదులుగా బార్లీ ఇస్తాడు. ఈసారి సఫర్ తెల్లారగానే జాజు తడిపి బాబా దగ్గరికి పట్టుకెళ్లాడు.

"బాబా, మందలో ఒకటి చెడబుట్టింది. అడవిది. ఇచ్చేద్దాం."

"దాని తల్లి మన గొర్రేనా?"

"మనదే."

"అయితే తల్లి ఇచ్చినదాన్ని మనం ఉంచుకుందాం. తండ్రి ఇచ్చినంత మేరకే జాజు పుయ్యి. కసాయి అంతవరకే కోసుకుపోతాడు."

బాబా నవ్వలేదు. సఫర్ వెళ్లి పొట్టేలు పక్కన కూర్చున్నాడు.

ముందు కొమ్ములకి పూశాడు. వాటికి ఆలోచించక్కర్లేదు. తోకకి పూశాడు. కాళ్లకి మోకాళ్ల దాకా పూసి, ఆ పైన ఎవరివో తేల్చుకోలేక ఆగాడు. వీపు మీది వెంట్రుకలు పాయ తీసి చూస్తే, అడుగున చర్మాన్ని అంటిపెట్టుకుని తెల్లటి మెత్తటి ఉన్ని ఉంది. దానికి అంటకుండా పూయబోయాడు. అంటింది. తుడిచాడు, ఇంకా పాకింది.

పొట్టేలు కదల్లేదు. అతని భుజానికి తల రుద్దుకుంటూ నిలబడింది. మనిషి అలికిడైతే చాలు, కొండగొర్రె కంటికి కనపడకుండా పోతుంది. మరి ఈ గుణం ఎవరిచ్చారు? దానికి గుర్తు ఎక్కడ పెట్టాలి?

ఎండ నడినెత్తికొచ్చేవేళ కసాయి వచ్చి నిలబడ్డాడు. శిష్యులు పోగయ్యారు. బాబా కూడా వచ్చాడు.

"ఏమయ్యా, దీన్ని తోలుకుపోనా?"

"వద్దు," అన్నాడు సఫర్. బాబా వైపు తిరిగి, అందరూ వింటుండగానే చెప్పేశాడు.

"దీని తప్పేం లేదు బాబా. మూడు రోజులు మందని గాలికొదిలేసింది నేను. మౌనం పట్టింది దేవుడి కోసం కాదు. వీళ్లంతా చూడాలని."

బాబా అతని చేతుల వైపు చూశాడు. మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"వెళ్లి కడుక్కో నాయనా," అన్నాడు. "లేకపోతే కసాయి నిన్ను తోలుకుపోతాడు."