రెండు పాకల దూడలు

రేపు పొద్దున రైతుల ముందు ఏం చెప్పాలో నాగలింగం అప్పుడే ఖాయం చేసుకున్నాడు. గురువుగారు ఊఁ అనడమే మిగిలింది.

తొలకరికి ముందు విత్తన పరిశోధన చేసేవాళ్లు మఠానికి కొత్త మొక్కజొన్న తెచ్చారు. జన్యువు మార్చిన పంట. కాండం తొలిచే పురుగు దాన్ని ముట్టదు. ల్యాబు పరీక్షలు అయ్యాయి, పశువులకు మేపి చూసే పని మీ గోశాలలో జరిగితే చుట్టుపక్కల జనం నమ్ముతారన్నారు. నిజమే. మఠం సరేనన్న గింజ ఇక్కడ దూడ తొట్టిలోకీ పోతుంది, పసిపిల్లల కంచంలోకీ పోతుంది. అందుకే మఠాధిపతి కరిబసవస్వామి, "మేపి చూసి, ఉన్నదున్నట్టు చెబుతాం" అని మాత్రం అన్నాడు. వ్యవసాయ కాలేజీలో చదివి సన్యాసం పుచ్చుకున్న శిష్యుడు నాగలింగానికి ఆ పని అప్పజెప్పాడు.

నాగలింగం ఒళ్లు దాచుకోలేదు. బయటి పాకలో దూడలకు కొత్త గింజల నూక, లోపలి పాకలో దూడలకు పాత గింజల నూక. కొలత ఒకటే, గడ్డి ఒకటే, బావి నీళ్లూ ఒకటే. చలికాలం పోయేనాటికి బయటి పాక దూడలు నిగనిగలాడుతూ గంతులేస్తున్నాయి. లోపలివి తలలు వేలాడేసి నిలబడ్డాయి.

"స్వామీ, ఒక్కసారి వచ్చి చూడండి. కొత్తది భేషైన గింజ. ఇంకా అనుమానమెందుకు?"

కరిబసవస్వామి కోపిష్టి. కరువు ఏళ్లలో ఊరూరా గంజి కాచి పోసినవాడు. బూజు పట్టిన గింజలు తిని మనుషులు మంచాన పడటం కళ్లారా చూసినవాడు. తిండి దగ్గర ఎవరు తొందరపడినా ఆయన గొంతు లేచేది. తిట్లకు సిద్ధపడే వచ్చాడు నాగలింగం.

ఆయన తిట్టలేదు. పంచె పైకి దోపి, పాకల వైపు నడిచాడు.

బయటి పాకలో అన్నిటికన్నా బలమైన కోడెదూడ పలుపు విప్పి, తీసుకెళ్లి లోపలి పాకలో కట్టేశాడు. లోపల మూలనున్న బక్క పెయ్యదూడను నడిపించుకొచ్చి బయట కట్టాడు. మళ్లీ ఇంకో దూడ. మళ్లీ ఇంకోటి. చెమటలు కారుతున్నా శిష్యుణ్ణి చెయ్యి వేయనివ్వలేదు. చివరికి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడు పిలువు నీ రైతుల్ని. ఏ గింజ మంచిదంటారు?"

"పాతదంటారు. కానీ స్వామీ, అది మీరు మార్చి కట్టారు కాబట్టి..."

"మరి నువ్వు ఎట్లా కట్టావు?"

నాగలింగం రెండు పాకల వైపూ మార్చి మార్చి చూశాడు. తల్లి చచ్చిన దూడల్నీ, జబ్బుతో వచ్చినవాటినీ వంటింటి పక్కన వెచ్చగా ఉండే లోపలి పాకలో కట్టడం మఠం ఆచారం. గట్టివాటికి బయటి పాక. ఎవరూ చెప్పక్కర్లేదు, చేతులకు అలవాటైపోయింది. పైగా బక్కప్రాణులకు కొత్త గింజ పెట్టి చూడటమెందుకని అతనికి జాలి కూడా వేసింది. నిగనిగలాడే దూడలు మేత మొదలెట్టకముందు నుంచీ నిగనిగలాడుతూనే ఉన్నాయి.

"అయితే కొత్త గింజ చెడ్డదా స్వామీ?"

"మంచిదని నీకు చెప్పిన దూడే, చెడ్డదని ఇప్పుడు నాకు చెబుతోంది. దాని మాట నమ్మమంటావా?"

తెల్లవారి మఠం ముంగిట్లో రైతులు కూర్చున్నారు. నాగలింగం లేచి, "ఆ గింజ సంగతి మాకింకా తెలియదు" అన్నాడు.

ముందు వరసలోంచి ఈరమ్మ పకాలున నవ్వింది. "ఇన్నాళ్లు మేపి తెలీదంటావేంది సామీ? గడ్డి దూడలు తిన్నాయా, నువ్వు తిన్నావా?"

అందరూ నవ్వారు. నాగలింగమూ నవ్వాడు.

"నేనే తిన్నానమ్మా. గట్టివన్నీ ఒకచోట, బక్కవన్నీ ఒకచోట కట్టి మేపాను. ఈసారి రెండు పాకల్లోనూ గట్టివీ బక్కవీ కలిపి కట్టి, మళ్లీ మొదట్నుంచీ చూస్తాను. అందాకా ఈ గింజ మీ ఇళ్లలోకి తేవద్దు."

ఈరమ్మ నవ్వు ఆగింది. పక్కన నిండు నెలల కోడలు. ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వు ఊఁ అనుంటే ఈ పొద్దే దీనికి వండి పెట్టేదాన్ని. నీ కడుపు చల్లగుండ సామీ, తెలీదని చెప్పినావు."

నాగలింగం ఆ పిల్ల వైపు చూశాడు. కళ్లు చెమర్చాయి. వెనక్కి తిరిగి గురువుగారి కాళ్ల మీద పడి, అలాగే ఉండిపోయాడు.

కరిబసవస్వామి కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

"దండాలు తర్వాత. ముందు పోయి దూడల్ని కట్టు."