సన్యాసమ్మపట్నం ముట్టడి

సన్యాసమ్మ ఇంట్లో నలుగురూ తెలివైనవాళ్ళే. ఆ సంగతి ఊళ్ళో ఇంకెవరికీ తెలియకపోవడమే వాళ్ళ బాధ. వాన పడితే గొడుగు తడిసి పాడైపోతుందని దాన్ని ఇంట్లో దాచి, తాము తడుస్తూ వెళ్ళేవాళ్ళు. "మా ఇంట్లో కొన్న గొడుగు కొన్నట్టే ఉంటుంది," అని అత్తగారు చినతల్లి వీధంతా చెప్పుకునేది.

సన్యాసమ్మ తమ్ముడు ముకుందం టౌన్‌లో కంప్యూటర్ల దుకాణంలో పనిచేస్తాడు. ఒకనాడు పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి వాళ్ళ మధ్యగదిలో బల్ల మీద పెట్టాడు. అందులో ఒక యుద్ధం ఆట ఉంది. పులిజూదంలాగే, ఒకరు ఎత్తు వేశాక ఇంకొకరు వెయ్యాలి. ఇటు మన రాజ్యం. అటు ముగ్గురు రాజులు. ఆ ముగ్గురినీ ఆడించేది కంప్యూటరే.

"అక్కా, ఆదివారం సాయంత్రం వస్తాను. ఈలోగా దీని మీద ఒక్క ఆట గెలిచారా, కంప్యూటర్ మీదే. ఓడారా, పట్టుకుపోతాను," అన్నాడు ముకుందం.

"పట్టుకుపోతాడట! మా తెలివి నీకింకా తెలీదురా బామ్మర్దీ," అన్నాడు సన్యాసమ్మ మొగుడు పైడియ్య.

ముకుందం అటు వెళ్ళగానే కూతురు హేమలత ఆట తెరిచింది. మీ రాజధాని పేరేమిటని అడిగింది కంప్యూటర్.

"అమ్మ పేరు పెడదాం," అంది హేమలత.

తెర మీద 'సన్యాసమ్మపట్నం' అని పడింది. దాని కింద మూడిళ్ళు, ఒక బావి, బావి పక్కన ఆవు. చుట్టూ మనవే నాలుగు పల్లెలు. సన్యాసమ్మ తెర దగ్గరికి జరిగి ఒక్కో అక్షరం చదువుకుంది. రేషన్ కార్డులో కూడా ఆవిడ పేరు తప్పే పడింది. ఇక్కడ ఒక్క అక్షరం పోలేదు. అంతే, ఆ మూడిళ్ళ మీద ప్రాణం పెట్టేసుకుంది.

"ఇది పోకూడదు," అంది.

శత్రువులు ఎలా ఉండాలని అడిగింది కంప్యూటర్. 'సులభం', 'మధ్యస్థం', 'చాలా కష్టం'.

"సులభం వద్దు. వాళ్ళ పని సులభమైపోతుంది," అన్నాడు పైడియ్య. "చాలా కష్టం నొక్కు. కష్టపడనీ వెధవల్ని."

ఇంకేముంది, అదే నొక్కింది హేమలత. 'మీ వంతు' అని పడింది.

"ఆగండాగండి," అంది చినతల్లి. "మనింటికొచ్చి, మన బల్ల మీద కూర్చుని, మన కరెంటుతో ఆడుతున్నారు. అంటే చుట్టాలే గదా. చుట్టాలకంటే ముందు మనం చెయ్యి కడుగుతామా?"

నిజమే అనుకున్నారు. 'వంతు వదులు' అని ఒక మీట ఉంది. నొక్కారు. ముగ్గురు రాజులూ ఆడారు. మళ్ళీ 'మీ వంతు'.

"అబ్బే, మీరే కానివ్వండి," అంటూ పైడియ్య తెరకి దండం పెట్టాడు. మళ్ళీ నొక్కారు. అలా ఆ పూటంతా మర్యాదలు నడిచాయి. అటు కోటలు లేచాయి, గుర్రాలొచ్చాయి, ఏనుగులొచ్చాయి. ఇటు అవే మూడిళ్ళు, బావి, ఆవు.

"ఆవు చిక్కిపోయింది," అంది సన్యాసమ్మ.

మర్నాడు ఎర్రకోట రాజు కబురు పెట్టాడు. 'మీ పొలాల్లో మా గుర్రాలు మేపుకోవచ్చా? అవును, కాదు.'

"మూగజీవాలు," అంది చినతల్లి. "గడ్డి దగ్గర కాదంటే పాపం తగుల్తుంది."

"గుర్రాల మీద మనుషులున్నారు మామ్మా. చేతుల్లో కత్తులున్నాయి."

"కత్తి లేకుండా గడ్డెలా కోస్తారే పిచ్చిదానా?"

'అవును' నొక్కారు. అంతే. గుర్రాలు గడ్డి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. పొద్దువాలేసరికి పల్లెలన్నీ ఎర్రగా అయిపోయాయి.

"పోనీలే, రంగు బావుంది," అన్నాడు పైడియ్య.

సన్యాసమ్మ కొంగుతో తెర తుడిచింది. ఎరుపు పోలేదు.

పల్లెల జనమంతా పరిగెత్తి సన్యాసమ్మపట్నంలో పడ్డారు. 'మీ ప్రజలు ఆకలితో ఉన్నారు' అంది కంప్యూటర్.

సన్యాసమ్మ కాలు నిలవలేదు. "నా ఊరొచ్చి పస్తులుంటారా!" అని వంటింట్లోకి పోయి చేటెడు బియ్యం తెచ్చింది. "ఎటు పొయ్యాలి?"

"వెనకాల గాలికి చిల్లులున్నాయి చూడు," అన్నాడు పైడియ్య. "గాలి పోయిన దారిలో గింజ పోదా?"

గుప్పెళ్ళతో పోశారు. లోపల ఫ్యాను కరకరలాడింది.

"నములుతున్నారు!" అని చప్పట్లు కొట్టింది హేమలత.

"పచ్చిబియ్యం తింటున్నారంటే ఎంత ఆకలో," అని కళ్ళొత్తుకుంది సన్యాసమ్మ. చినతల్లి చారు గిన్నె కూడా పట్టుకొచ్చింది. కానీ ఉప్పు తక్కువైంది, ఊరందరి ముందూ పరువు పోతుందని ఆపేశారు.

ఆదివారం మధ్యాహ్నం తెర మీద పెద్ద పెద్ద అక్షరాలు పడ్డాయి. 'శత్రువు మీ గుమ్మంలో ఉన్నాడు. వెంటనే గోడ కట్టండి.'

సన్యాసమ్మ దిగ్గున లేచింది. వెళ్ళి గుమ్మంలోంచి తొంగిచూసింది. "ఎవరూ లేరే!"

"నిన్ను చూసి పక్కకి నక్కుంటారు," అంటూ లేచాడు పైడియ్య. ఆయన తాపీమేస్త్రీ. "గోడ కట్టమని ఇంతమందిలో నన్నే అడిగింది చూశావా! మిషనైనా మనిషిని గుర్తుపట్టింది."

మధ్యగదికి ఉన్నది ఒకటే గుమ్మం. కిటికీ లేదు. పెరట్లో స్నానాలగదికని తెచ్చిన ఇటుకలున్నాయి, సిమెంటుంది. ఇంకేముంది, సరుకంతా లోపలికి మోశారు. హేమలత సిమెంటు కలిపింది. చినతల్లి ఇటుకలు అందించింది. పైడియ్య దారం పట్టి వరస మీద వరస లేపాడు.

"ఏవండీ, మనం లోపలే ఉన్నాం," అంది సన్యాసమ్మ సగం గోడ లేచాక.

"ఊరు లోపలుంటే మనం బయటుంటామా? అప్పుడు మనమే శత్రువులం."

సబబుగానే తోచింది.

"మరి ఆ రాజులు కూడా కంప్యూటర్లోనే ఉన్నారుగా నాన్నా?" అంది హేమలత.

"ఉండనీ. బయటికెలా పోతారో నేనూ చూస్తా."

ఈ హడావుడిలో ఎవరూ ఏమీ నొక్కలేదు. 'మీ వంతు' అని తెర అలాగే ఎదురు చూస్తోంది. మూడిళ్ళూ అలాగే ఉన్నాయి. పని చేస్తూనే సన్యాసమ్మ మాటిమాటికీ వెనక్కి తిరిగి వాటిని చూసుకుంది.

సాయంత్రం ముకుందం వచ్చాడు. ఇల్లంతా వెతికాడు. "అక్కా! బావా! మధ్యగది గుమ్మమేదీ?"

"ఇక్కడ్రా," అని పైనుంచి గొంతు వినబడింది. గోడకి పైన ఒక్క ఇటుక పట్టేంత కన్నం మిగిలింది. అందులో సన్యాసమ్మ కన్ను.

"గెలిచారా?"

"పల్లెలు పోయాయి. నా పట్నం ఉంది."

"అంటే ఓడిపోతున్నట్టే. కంప్యూటర్ ఇచ్చెయ్యండి."

"వచ్చి తీసుకోరా," అన్నాడు పైడియ్య లోపలినుంచి.

ముకుందం గోడ తట్టి చూశాడు. పనితనం బాగానే ఉంది. "అది సరే. మీరు బయటికెలా వస్తారు?"

లోపల తాపీ గరగరమంటూనే ఉంది.

"ముందు గోడ పూర్తికానీ," అంది సన్యాసమ్మ. "ఒక్కటే ఇటుక తక్కువైంది. ఈ కన్నంలోంచి గుర్రాలు దూరితే నా ఊరేమైపోవాలిరా తమ్ముడూ? మోసేటప్పుడు అక్కడే ఒకటి జారిపడింది. చూడు."

ముకుందం ఎంతైనా ఆవిడ తమ్ముడే. ఇటుక వెతికాడు. దుమ్ము దులిపాడు. అటూ ఇటూ తిప్పి చూసి కన్నంలోంచి లోపలికి అందించాడు.

"తడిపి పెట్టు బావా," అన్నాడు. "లేకపోతే పట్టదు."