నాలుగు కంప్యూటర్లు, ఒకటే బల్ల

నిశ్చలుడు పెద్దస్వామి కాళ్ల మీద పడి లేవలేదు.

"సోమగిరి స్వామి చదివి చెప్పిన గ్రంథమంతా చెరిపేశాను స్వామీ. మీరే ఆయనతో చెప్పండి. మీరు చెబితే తట్టుకుంటారు."

ఆ మఠంలో తాటాకు గ్రంథాల పని ఏళ్లుగా సాగుతోంది. ఆకులకు ఫొటోలు తీసి, వాటి మీది పాత రాత చదివి, కంప్యూటర్లలోకి ఎక్కించాలి. అందులో ఒక వైద్యగ్రంథాన్ని చదవగలిగింది సోమగిరి స్వామి ఒక్కరే. ఆయన చదువుతుంటే విమలుడనే శిష్యుడు టైపు చేసేవాడు. లేచే ముందు ఆ రోజు పనికి విడిగా ఒక డిస్కులో నకలు తీసి పెట్టేవాడు. గ్రంథం పూర్తయ్యేసరికి సోమగిరి చూపు పోయింది. ఇప్పుడు ఫొటోలున్నాయి గానీ, వాటిని చదివే కళ్లు లేవు.

సరిగ్గా అప్పుడే నిశ్చలుడి బుర్రలో మెరుపు మెరిసింది. నాలుగు గదుల్లోని నాలుగు కంప్యూటర్లనూ ఒకే బల్ల దగ్గరికి చేర్చాడు. అన్నింటి వైర్లూ అరచేయంత పెట్టెలోకి పోతాయి. ఒకటే కీబోర్డు, ఒకటే మౌసు. పెట్టె మీది మీట నొక్కితే ఏ కంప్యూటరు కావాలంటే అది చేతిలోకి వస్తుంది.

"నలుగురెందుకు స్వామీ? నేనొక్కణ్ణి చాలు," అన్నాడు పెద్దస్వామితో.

విమలుడు వంటశాలకి వెళ్లాడు. మిగిలిన ఇద్దరూ గోశాలకి వెళ్లారు. ఆ తర్వాత నిశ్చలుడి దర్జా చూడాలి! పలకరిస్తే తల కూడా తిప్పేవాడు కాదు.

బల్ల మీద రెండు తెరలుండేవి. ఆ రోజు అతను ఒక తెర చూస్తున్నాడు, కీబోర్డు రెండోదాని మీద పనిచేస్తోంది. పనికిరాని చిత్తుప్రతి అనుకుని చెరిపేశాడు. పోయింది సోమగిరి గ్రంథం.

పెద్దస్వామి శిష్యుణ్ణి లేపి, చెయ్యి పట్టుకుని ఆ గదికి తీసుకెళ్లాడు.

సోమగిరి అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు. తన గ్రంథంలో కొంత రోజూ చదివించుకుని వినడం ఆయనకు మిగిలిన ఒకే ఒక్క సంతోషం.

"వచ్చావా అబ్బాయీ? నిన్న జ్వరాల దగ్గర ఆపాం. కానియ్."

నిశ్చలుడు పెద్దస్వామి వైపు చూశాడు. ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డాడే గానీ నోరు మెదపలేదు. నిశ్చలుడు మీట నొక్కాడు. వేరే కంప్యూటర్లో వేరెవరో ఎక్కించిన పశువైద్యం వచ్చింది. దాన్నే చదవడం మొదలుపెట్టాడు. సిగ్గులేని పని, కానీ చేశాడు.

సోమగిరి కాసేపు విన్నాడు.

"ఇది నాది కాదు నాయనా."

నిశ్చలుడి వేలు మళ్లీ మీట మీదికి వెళ్లింది. పెద్దస్వామి వచ్చి పెట్టెకున్న వైర్లన్నీ పీకేశాడు. తెరలు నల్లబడ్డాయి. పెట్టెను తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు.

నిశ్చలుడు చెప్పాడు. ఏడుస్తూనే అంతా చెప్పాడు.

సోమగిరి వెంటనే నమ్మలేదు. "విమలుడు నకలు తీసి పెట్టాడుగా. అది పెట్టు."

"ఆ డిస్కు ఖాళీ చేసి కొత్త ఫొటోలు నింపాను స్వామీ. అన్నీ ఈ బల్ల మీదే ఉన్నాయి కదా అనుకున్నాను."

"విమలుణ్ణి ఒక్కమాట అడగలేదా?"

"లేదు స్వామీ."

సోమగిరి ముఖాన్ని పెద్దస్వామి గొంతు వినిపించిన వైపు తిప్పాడు.

"విమలుణ్ణి ఇక్కణ్ణించి ఎందుకు పంపేశారు?"

పెద్దస్వామి చంకలోని పెట్టెను బల్ల మీద పెట్టాడు.

"వీడు అడిగాడు. నేను మెచ్చుకుని పంపాను."

సోమగిరి లేచాడు. నిశ్చలుడు చెయ్యందించబోతే విదిలించుకుని, గోడ పట్టుకుంటూ ఒక్కడే వెళ్లిపోయాడు.