పన్నెండు ఫోన్లు, ఒక తీగ

ఎవరైనా చిక్కు ప్రశ్న వేస్తే రంగనాయకులు మాస్టారు ముందు బోర్డు మీద ఉన్నదంతా తుడిచేస్తారు. ఆ తరవాతే నోరు విప్పుతారు.

ఆ రోజు ఆయన దగ్గర కంప్యూటర్లు నేర్చుకుంటున్న హైమవతి అడిగింది. "మాస్టారూ, ఒక పెద్ద కంప్యూటరులో పది కంప్యూటర్లున్నట్టు భ్రమ కల్పిస్తున్నాం. డిస్కు ఒకటే, నెట్‌వర్కు తీగ ఒకటే. కానీ పదింటిలో ప్రతిదీ అవి తనవే అనుకుంటుంది. అవి ఏది అడిగినా మధ్యలో ఒక ప్రోగ్రాము పట్టుకుని, వంతు చూసి పంపుతోంది. ఆలస్యమంతా అక్కడే. దాన్ని తప్పించి నేరుగా కలిపేస్తే సరిపోదా?"

మాస్టారు బోర్డు తుడిచి ఇలా చెప్పారు.

వెనకటికి ఒక చిన్న ఊళ్లో పన్నెండిళ్లకు ఫోన్లుండేవి. పట్నానికి పోయే తీగ మాత్రం ఒక్కటే. ఫోను తీగలన్నీ వచ్చి చేరే ఎక్స్‌ఛేంజి బల్ల ముందు మాణిక్యమ్మ కూర్చునేది. ఎవరు పట్నం కావాలన్నా చీటీ మీద రాసుకుని, తీగ ఖాళీ అయ్యాక కలిపేది. పట్నం నుంచి పిలుపొస్తే ఏ నంబరుకో విని, ఆ ఇంటికే ఇచ్చేది.

చేనేత సంఘం కార్యదర్శి సన్యాసిరావు భార్య పట్నం పెద్దాసుపత్రిలో పురిటికి చేరింది. కాన్పు కష్టమన్నారు. వాగు పొంగి బస్సులు ఆగిపోవడంతో అతను ఊళ్లోనే చిక్కుకుపోయి, పొద్దుటి నుంచి ఫోను ముందే కూర్చున్నాడు.

"మీ ముందు ఇద్దరున్నారు బాబూ" అంది మాణిక్యమ్మ.

"ఇదేమన్నా కిరసనాయిలు క్యూనా? మధ్యలో నువ్వు లేకపోతే ఈపాటికి మాట్లాడేసి ఉందును!"

అక్కడితో ఊరుకోలేదు. లైన్‌మన్‌ను బతిమాలి, బెదిరించి, పట్నం తీగను బల్ల దాకా పోనివ్వకుండా తిన్నగా తన ఫోనుకే కలిపించుకున్నాడు. ఆసుపత్రి నిమిషంలో పలికింది. "ఇంకా కాలేదు. అయ్యాక మేమే చేస్తాం" అన్నారు.

గంటకు ఫోను మోగింది. "పెద్దాసుపత్రి నుంచి పిలుపు. నంబరు..." అని పట్నం ఎక్స్‌ఛేంజి అమ్మాయి మొదలుపెట్టిందో లేదో, "నేనే, నేనేనమ్మా, ఇచ్చెయ్యి!" అని అరిచాడు.

"మీ మనిషి దక్కలేదండీ" అందొక గొంతు. ఆపైన చప్పుడు లేదు.

సన్యాసిరావు గోడకు చేరగిలబడి అలాగే కిందికి జారిపోయాడు. ఫోను మళ్లీ మోగితే చెల్లెలు ఎత్తి, అతని చెవి దగ్గర పెట్టింది. అవతల మామగారు. "ఆడపిల్లయ్యా అల్లుడూ! తల్లీ బిడ్డా క్షేమం."

ఏడుపు ఆగకుండానే నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఇందాకటి చావు ఎవరింటిది?

ఎక్స్‌ఛేంజికి పరిగెత్తాడు. "అది నా బల్ల మీదుగా రాలేదు బాబూ. నాకెలా తెలుస్తుంది?" అంది మాణిక్యమ్మ. తీగను మళ్లీ బల్లకు కలిపేసరికి వాన జోరుకు పట్నం పలకడం మానేసింది. ఇక చేసేది లేక తక్కిన పదకొండిళ్లకూ ఫోను చేసి, "మీవాళ్లెవరైనా పెద్దాసుపత్రిలో ఉన్నారా?" అని అడిగింది. నాలుగిళ్ల వాళ్లు ఉన్నారన్నారు. "ఎందుకమ్మా?" అని ఆ నలుగురూ అడిగారు. ఆమె ఏం చెబుతుంది? మర్నాడు పొద్దున్న పట్నం పలికేదాకా ఆ ఒక్క చావునూ నాలుగిళ్లు మోశాయి.

హైమవతి అడిగింది. "చివరికి ఎవరింటిదో తెలిసిందా, మాస్టారూ?"

"తెలిసింది. కానీ తక్కిన మూడిళ్ల వాళ్లు కూడా సన్యాసిరావుతో మళ్లీ మాట్లాడలేదు."

"అయితే నేరుగా కలపనే కూడదంటారా?"

మాస్టారు లేచి కండువా సర్దుకున్నారు.

"కలపొచ్చమ్మా. బయట నుంచి జవాబొస్తే గంట ఎవరింట్లో మోగాలో ముందు తేల్చుకుని కలుపు."